విడి గ్రాఫిక్స్ కార్డు అమరిక

అంతర్గత గ్రాఫిక్స్‌తో నడిచే డెస్క్‌టాప్ కంప్యూటర్‌కు సొంత ప్రాసెసర్, సొంత మెమరీ గల గ్రాఫిక్స్ కార్డును అదనంగా బిగించడాన్ని విడి గ్రాఫిక్స్ కార్డు అమరిక అంటారు. అంతర్గత గ్రాఫిక్స్ కంప్యూటర్ ర్యామ్‌లోనే కొంత భాగాన్ని వాడుకుంటుంది. ఇంటెల్ 1999లో 810 చిప్‌సెట్‌లో దీన్ని చేర్చింది. 2011 నాటి శాండీ బ్రిడ్జ్ ప్రాసెసర్లతో అది ప్రాసెసర్ చిప్పులోకే చేరింది.

కార్డును బిగించే మదర్‌బోర్డు స్లాట్లలో, 1997లో మార్కెట్లోకి వచ్చిన ఏజీపీ స్థానాన్ని 2004 నుంచి పీసీఐ ఎక్స్‌ప్రెస్ ఆక్రమించింది. ఒకదాని కార్డు రెండోదానిలో పట్టదు. పీసీఐ ఎక్స్‌ప్రెస్‌లో మాత్రం పాత, కొత్త తరాలు కలిసి పనిచేస్తాయి. వేగం పాత తరానికి పరిమితమవుతుంది.

పొంతనకు తరచు అడ్డుపడేది విద్యుత్తే. 16 లేన్ల స్లాటు ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. అంతకు మించితే పవర్ సప్లై నుంచి విడిగా తీగ కలపాలి: 6 పిన్నులది మరో 75 వాట్లు, 8 పిన్నులది 150 వాట్లు అందిస్తుంది. సన్నని కేబినెట్లలో పొట్టి కార్డులే పడతాయి. బయోస్ స్థానంలో వచ్చిన యూఈఎఫ్ఐకి ముందునాటి కార్డులు, పాత బయోస్ పద్ధతి లేని కొత్త మదర్‌బోర్డులపై బూట్ సమయంలో తెర చూపకపోవచ్చు.

బిగించాక మానిటర్ తీగను మదర్‌బోర్డు నుంచి కార్డుకు మార్చాలి. చిన్న పనే అయినా, తెర నల్లగా ఉండిపోవడానికి సాధారణ కారణం ఈ తీగే. ఆపై తయారీదారు డ్రైవరును స్థాపిస్తారు.