పరుల పండుగ మనకు బాధాకరమా? క్రిస్మస్ బహిరంగోత్సవంపై ఒక చారిత్రక విచారణ

ప్రతి సంవత్సరమూ మార్గశిర పుష్య మాసాల వేళ, పాశ్చాత్య దేశాలలో ఒక వివాదం తలెత్తుతూ ఉంటుంది. నగరకూడలిలో క్రిస్మస్ వృక్షాన్ని నిలపవచ్చునా? పాఠశాలలో క్రీస్తు జనన గీతాలను పాడించవచ్చునా? కార్యాలయంలో పండుగ పేరు పెట్టి శుభాకాంక్షలు చెప్పవచ్చునా, లేక మతప్రసక్తి లేని వేరొక మాటను వెదకుకోవాలా? ఈ సంకోచానికి చెప్పే కారణం ఒక్కటే: అన్యమతస్థుల మనస్సు నొచ్చుకుంటుందని. ఆ అన్యమతస్థులలో హిందువులమైన మనమూ ఉన్నాము. బ్రిటన్‌లోనూ అమెరికాలోనూ స్థిరపడిన తెలుగు కుటుంబాలు అనేకం. మన పేరిట ఎవరో ఉచ్చరిస్తున్న ఈ వేదన నిజంగా మనదేనా అని విచారించడం మన కర్తవ్యం.

శాస్త్రమర్యాద ననుసరించి ముందుగా పూర్వపక్షాన్ని ఉంచుదాం. ఒక మతపు పండుగ బహిరంగంగా జరిగితే ఇతర మతస్థులకు అది అవమానం. కనుక పండుగ గృహానికో ప్రార్థనాలయానికో పరిమితం కావాలి. ఇదే పూర్వపక్షం. దీనిని చరిత్ర అనే ఒరగంటిపై గీసి చూద్దాం.

తొలుత నిషేధించినవారెవరు?

ఆశ్చర్యకరమైన విషయమేమంటే, క్రిస్మస్ బహిరంగోత్సవాన్ని చట్టం ద్వారా నిషేధించిన ప్రసిద్ధ సందర్భాలలో ఆ పని చేసినవారు అన్యమతస్థులు కారు, నిష్ఠాగరిష్ఠులైన క్రైస్తవులే.

1621లో అమెరికాలోని ప్లిమత్ వలసస్థావరానికి విలియం బ్రాడ్‌ఫర్డ్ పాలకుడు. ఆయన ప్యూరిటన్ సంప్రదాయానికి చెందినవాడు. ఆ ఏటి డిసెంబరు 25న అందరినీ పనికి పిలిచినప్పుడు, కొత్తగా వచ్చినవారు కొందరు ఆనాడు పని చేయడానికి తమ అంతఃకరణం ఒప్పుకోదన్నారు. ఆయన సరేనన్నాడు. మధ్యాహ్నం తిరిగి వచ్చేసరికి వారు వీథిలో ఆటలాడుతూ కనిపించారు. ఆయన ఆటసామగ్రిని లాగుకొని, ఇతరులు పని చేస్తుండగా మీరు ఆడుకోవడానికి నా అంతఃకరణం ఒప్పుకోదనీ, భక్తితో ఆచరించదలిస్తే ఇళ్లలోనే ఉండండనీ ఆదేశించాడు. పండుగ ఇంటికే పరిమితం కావాలన్న వాదం నాలుగు శతాబ్దాల క్రితమే, ఒకే మతంలోని ఇరువర్గాల మధ్య, ఈ రూపంలో వినిపించింది.

1647 జూన్‌లో ఇంగ్లండు పార్లమెంటు క్రిస్మస్, ఈస్టర్ ఇత్యాది పర్వాలను రద్దు చేసింది. ఆ డిసెంబరు 25న క్యాంటర్‌బరీ నగరాధిపతి అంగళ్లు తెరిచి తీరాలని ఆజ్ఞాపించగా ప్రజలు తిరగబడ్డారు. తెరిచిన దుకాణాలను చెల్లాచెదరు చేశారు. 1660లో రాజరికం పునఃప్రతిష్ఠితమైన తరువాతనే పండుగకు పూర్వస్థితి లభించింది. మసాచుసెట్స్‌లో 1659నాటి శాసనం క్రిస్మస్ జరుపుకొన్నవారికి ఐదు షిల్లింగుల జరిమానా విధించింది. అది 1681 వరకు అమలులో ఉంది. స్కాట్లండులోనైతే సంస్కరణవాదుల ప్రభావం ఎంత గాఢమైనదంటే, అక్కడ క్రిస్మస్ సార్వజనిక సెలవుదినం కావడానికి 1958 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

వారి ఆక్షేపణకు హేతువు సిద్ధాంతపరమైనది. బైబిలులో క్రీస్తు జన్మదినం చెప్పబడలేదు. వేదగ్రంథం విధించని పర్వాన్ని మనుష్యులు కల్పించరాదు. పైగా ఆ పేరిట మద్యపానం, జూదం ప్రబలుతున్నాయి. ఇదీ వారి వాదం. మన పరిభాషలో చెప్పాలంటే అది శ్రుతిప్రామాణ్యానికీ లోకాచారానికీ నడిచిన కలహం. పరమతస్థుని నొప్పికి అందులో తావే లేదు.

నిజమైన వేదన ఎక్కడ ఉంది?

అంతమాత్రాన అన్యమతస్థులెవరూ ఏనాడూ క్లేశపడలేదనడం సత్యం కాదు. తూర్పు ఐరోపాలోని యూదులకు క్రిస్మస్ రాత్రి శతాబ్దాలపాటు భయరాత్రి. ఆ రాత్రి వీథిలోకి వెళ్లకుండా, తమ ధర్మగ్రంథ పఠనాన్ని సైతం నిలిపి, ఇళ్లలో ఉండిపోయే ఆచారం వారిలో అనేకులకు ఉండేది. 1881 డిసెంబరు 25న వార్సా నగరంలోని హోలీ క్రాస్ చర్చిలో నిప్పంటుకున్నదన్న అబద్ధపు కేక పుట్టింది. తొక్కిసలాటలో 20 మందికి పైగా మరణించారు. నేరం యూదులపై మోపబడింది. మూడు రోజులు వారి ఇళ్లూ అంగళ్లూ లూటీకి గురయ్యాయి. అట్టి స్మృతిని మోస్తున్నవానికి చర్చి గంట మంగళధ్వనిగా వినిపించకపోతే అతనిని అసహనపరుడనడం అన్యాయం.

ఆ స్మృతితోనే లక్షలాది యూదులు అమెరికా చేరారు. 1905 డిసెంబరులో న్యూయార్క్ నగరంలోని బ్రౌన్స్‌విల్ ప్రాంతపు ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడు యూదు బాలబాలికలకు క్రీస్తువలె మెలగండని ఉపదేశించాడు. మరుసటి ఏడు క్రిస్మస్ ముందునాడు వేలాది యూదు విద్యార్థులు పాఠశాలలను బహిష్కరించారు. ఇక్కడ సూక్ష్మంగా గమనించవలసినదొకటి ఉంది. పొరుగింటివాడు క్రిస్మస్ జరుపుకోరాదని ఆ తల్లిదండ్రులు కోరలేదు. చదువుకోక తప్పని బడిలో తమ బిడ్డలచేత ఆ కీర్తనలు పాడించవద్దన్నారు. ఉత్సవం వారిని బాధించలేదు, నిర్బంధం బాధించింది.

ఇదే యూదు సమాజంనుండి వచ్చిన అర్వింగ్ బెర్లిన్ అనే స్వరకర్త, రష్యా సామ్రాజ్యంలో పుట్టి బాల్యంలోనే న్యూయార్క్ చేరినవాడు, 1942లో వెలువడిన సుప్రసిద్ధ గీతం వైట్ క్రిస్మస్‌ను రచించాడు. ఒకే సమాజం, ఒకే పండుగ. పాడించినప్పుడు నొప్పి, స్వేచ్ఛగా పాడుకున్నప్పుడు ఆనందం.

న్యాయస్థానాల వివేచన

ఈ భేదాన్నే అమెరికా సుప్రీంకోర్టు చట్టపరిభాషలో నిరూపించడానికి యత్నించింది. పాటకెట్ నగర పాలకులు నిలిపిన క్రిస్మస్ అలంకరణలలో క్రీస్తు జనన దృశ్యం ఉండవచ్చునా అన్న వివాదంలో 1984లో, ఐదుగురు న్యాయమూర్తులు అనుకూలంగానూ నలుగురు ప్రతికూలంగానూ నిలువగా, అది ఆక్షేపణీయం కాదని తీర్పు వెలువడింది. కాని న్యాయమూర్తి సాండ్రా డే ఓకానర్ తమ ప్రత్యేకాభిప్రాయంలో ఒక గీటురాయిని సూచించారు: ప్రభుత్వం చేసే పని ఒక పౌరునికి నీవు బయటివాడవన్న భావం కలిగిస్తున్నదా?

1989లో పిట్స్‌బర్గ్ వ్యాజ్యంలో అదే గీటురాయి పనికి వచ్చింది. న్యాయస్థాన భవనపు ప్రధాన సోపానంపై ఒంటరిగా నిలిపిన క్రీస్తు జనన దృశ్యం రాజ్యాంగవిరుద్ధమన్నారు. మరొక ప్రభుత్వ భవనం వెలుపల క్రిస్మస్ వృక్షం పక్కన నిలిపిన యూదుల మెనోరా దీపస్తంభాన్ని మాత్రం అనుమతించారు. యూదులలోనే దీనిపై ఏకాభిప్రాయం లేదు. ప్రభుత్వ స్థలంలో ఏ మతచిహ్నమూ వద్దన్నవారు కొందరు, మా దీపానికీ చోటు కావాలన్నవారు కొందరు. కనుక అన్యమతస్థులు నొచ్చుకుంటారన్న మాటలో ఆ అన్యమతస్థులు ఎవరన్నదే తేలని ప్రశ్న.

మన చరిత్రలో ఇదే దర్పణం

ఇది పాశ్చాత్యుల సమస్య, మనకేమిటని అనుకోవచ్చు. కాని ఇదే న్యాయం తలక్రిందులైన రూపంలో తెలుగు సీమలు కూడా చేరి ఉన్న నాటి మద్రాసు రాజధానిలో నడిచింది. ఈస్టిండియా కంపెనీ ఆనాడు దేవాలయాల నిర్వహణను చేతబట్టి, ఆదాయవ్యయాలను పర్యవేక్షించేది. హిందూ ఉత్సవాలలో సైన్యం గౌరవవందనం చేసేది. క్రైస్తవులైన అధికారులూ సైనికులూ హాజరు కావలసి వచ్చేది. దీనిని ఆక్షేపిస్తూ 1836లో 200 మందికి పైగా సంతకాలు చేసిన విజ్ఞాపనను మద్రాసు బిషప్ డేనియల్ కోరీ ప్రభుత్వానికి పంపారు. సేనాధిపతి సర్ పెరెగ్రిన్ మెయిట్‌లండ్ ఇదే కారణంగా 1838లో పదవిని త్యజించాడు. క్రమంగా కంపెనీ ఆలయ నిర్వహణనుండి తొలగింది. 1843లో తిరుమల ఆలయపాలన హాథీరాంజీ మఠ మహంతులకు అప్పగించబడింది.

విజ్ఞాపన చేసినవారిలో మన ఆరాధనపై తిరస్కారభావం ఉన్నవారు లేకపోలేదు. అయినా వారి మూల ఆక్షేపణ న్యాయమైనదే. తాను నమ్మని దైవానికి ఉద్యోగధర్మం పేరిట వందనం చేయవలసి రావడం ఎవరికైనా ఆత్మహింస. న్యూయార్క్‌లోని యూదు బాలుని వేదనా, మద్రాసులోని క్రైస్తవ సైనికుని వేదనా ఒక్కటే. ఒకదానిని అంగీకరించి రెండవదానిని పరిహసించడం ధర్మం కాదు.

పరుల పేరిట పలికిన నొప్పి

ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్ నగర పాలకులు 1997, 1998 శీతకాలాలలో దీపావళి, హనుక్కా, క్రిస్మస్, నూతన సంవత్సరం మొదలైన ఉత్సవాలన్నింటినీ కలిపి ప్రచారం చేయడానికి వింటర్‌వాల్ అనే పేరు పెట్టారు. క్రిస్మస్ యథావిధిగా జరిగింది. దాని పేరూ ఎవరూ మార్చలేదు. కాని అన్యమతస్థులను నొప్పించకుండా ఉండడానికే పండుగ పేరు తొలగించారన్న ప్రవాదం పత్రికలలో ఏళ్లపాటు వ్యాపించింది. అది నిజం కాదని డెయిలీ మెయిల్ పత్రిక 2011లో సవరణ ప్రకటించింది. ఇంతలో లోకుల దృష్టిలో దోషులైనవారెవరు? ఏమీ కోరని హిందువులు, ముస్లిములు, సిక్కులు.

ఈ ప్రమాదాన్ని గుర్తించి 2006 నవంబరులో బ్రిటన్‌లోని క్రిస్టియన్ ముస్లిం ఫోరం స్పష్టంగా ప్రకటించింది: క్రిస్మస్ వలన అన్యమతస్థులు నొచ్చుకుంటారని సాకు చెప్పి పండుగను మరుగుపరచేవారు, ఆ అన్యమతస్థులపైనే ద్వేషాన్ని రేపుతున్నారు. అడగని దయ కొన్నిసార్లు అపకారమవుతుంది.

సిద్ధాంతం

ఇష్టదైవమన్న భావన మన ధర్మానికి ప్రాణం. ఒకే కుటుంబంలో తండ్రి శివపూజ చేస్తే తల్లి వేంకటేశ్వరుని కొలుస్తుంది. ఒకరి దీపం మరొకరి దీపాన్ని ఆర్పదు. శ్రీరామకృష్ణ పరమహంస 1874 ప్రాంతంలో దక్షిణేశ్వరం సమీపాన యదుమల్లిక్ ఉద్యానగృహంలో మేరీమాత, బాలయేసు చిత్రాన్ని చూచి మూడు దినాలు క్రీస్తు భావంలో లీనమయ్యారు. 1886 డిసెంబరు 24 రాత్రి ఆంట్‌పూర్ గ్రామంలో నరేంద్రుడు ధుని ముందు కూర్చొని సహసాధకులకు యేసు త్యాగజీవనాన్ని వర్ణించాడు. వారంతా సన్న్యాస సంకల్పం చేశారు. ఆ రాత్రి క్రిస్మస్ ముందటి రాత్రి అని వారికి తరువాతనే తెలిసింది. రామకృష్ణ మఠాలలో నేటికీ ఆ రాత్రి క్రీస్తుకు పూజ జరుగుతుంది. దీనివలన ఏ సాధకుని కాళీభక్తీ తగ్గలేదు.

కర్నూలు సీమలోని ఎర్రగుడిలో అశోకుని శిలాశాసనాలున్నాయి. తన మతాన్ని పొగడడం కోసం పరమతాన్ని కించపరచేవాడు తన మతానికే హాని చేస్తాడని వాటిలో పన్నెండవది బోధిస్తుంది. రెండువేల సంవత్సరాలకు పైబడిన ఆ రాతిపలుకు తెలుగు నేలపైనే ఉన్నది.

ఇక్కడ కొందరు భక్తులు ఒక ఆక్షేపణ చేస్తారు: క్రిస్మస్ ఉత్సవం మతమార్పిడికి సాధనమవుతున్నది కదా అని. ఇది తోసిపుచ్చదగినది కాదు. ప్రలోభంతోగాని, భయంతోగాని, మన దేవతలను దూషించిగాని మార్పిడికి యత్నిస్తే ఆ ప్రలోభాన్నీ ఆ దూషణనూ ప్రతిఘటించవలసినదే. అది సంవత్సరంలో ఏ దినాన జరిగినా దోషమే. అయితే పొరుగువాడు తన ఇంటిపై నక్షత్రదీపం వ్రేలాడదీయడం ప్రలోభమూ కాదు, దూషణా కాదు. 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠితమైన మెదక్ చర్చిని దర్శించడానికి హిందువులూ వెళుతుంటారు. వెళ్లినవారు హిందువులుగానే తిరిగివస్తున్నారు. దోషాన్ని ఖండించాలి, దీపాన్ని కాదు.

కనుక నిర్ణయం ఇది. స్వేచ్ఛగా జరిగే పరుల ఉత్సవం మనకు అవమానం కాదు. నిర్బంధం అవమానం. రాజ్యం ఒక మతానికి మాత్రమే తన ముద్ర వేసి తక్కినవారిని అతిథులుగా చూడడం అవమానం. ఈ మూడింటినీ ఒకటిగా కలిపివేసినప్పుడే అనర్థం.

ఇది కేవలం ఔదార్యం కాదు, ఆత్మరక్షణ కూడా. లెస్టర్ నగరపు బెల్‌గ్రేవ్ రోడ్డులో దీపావళి తోరణాలు వెలిగేది ఏ న్యాయం వలన? బహిరంగంగా జరిగే పండుగ పరులకు అవమానమని మనమే ఒప్పుకుంటే, రేపు ఆ దీపాలనూ మన గణపతి ఊరేగింపులనూ ఆర్పడానికి అదే వాదం చాలును. అక్కడ మనకు కావలసిన చోటును, ఇక్కడ మన వీథిలో కేరల్స్ పాడుతూ వచ్చే నలుగురికి ఇవ్వగలమా అన్నదే మన ధర్మానికి పరీక్ష. వారు వాకిట నిలిచినప్పుడు తలుపు మూయడమో తీయడమో మన ఇష్టం. మన పేరిట వేరొకరు వారిని వీథినుండి తరిమివేయడానికి మాత్రం మనం సమ్మతి ఇవ్వరాదు.

ఓం శాంతిః శాంతిః శాంతిః