చేతిపనివారి సభలలో గృహస్థు ఎవరు?

తమిళనాటను రాయలసీమయందును దేవాలయోత్సవములు చూచినవారికి ‘ఉభయము’ అను మాట క్రొత్త కాదు. ఉత్సవము పది దినములు జరుగును. ఒక్కొక్క దినపు కైంకర్యమును ఒక్కొక్క కులమువారో, వీధివారో, వర్తక సంఘమువారో వహింతురు. ఆనాటి దీపములకు నూనె, పూలు, ప్రసాదము, వాహనసేవ ఖర్చు ఆ ఉభయదారులవే. స్వామి ఒక్కడే, ఉత్సవము అందరిది. ఇది ఖర్చు పంచుకొనుటకు మాత్రమే చేసిన ఏర్పాటని తలంచుట పొరపాటు. ఒక దినమునకు గృహస్థులైన వీధివారికి తక్కిన తొమ్మిది దినముల ఉత్సవము కూడ తమదిగానే తోచును. పెద్దలు దీనిని ఎరిగియే ఈ పద్ధతి పెట్టిరి.

చేతిపనివారిని చేర్చి జరిపిన ప్రదర్శనములను, సభలను ఈ ఉభయపు కొలతతో కొలిచి చూడవలెనని నాకు చాలకాలముగా కోరిక. చేతిపనివాడు సభకు ఎట్లు వచ్చెను? అతనిని ఎవరు పిలిచిరి? అచ్చట అతడు ఎక్కడ నిలువబడెను? గడచిన నూట డెబ్బది యేండ్లకు పైబడిన చరిత్రలో ఈ మూడు ప్రశ్నలకు సమాధానము వెదకినచో, ఆయా సభలు ఎవరికి మేలు చేసినవో తేటపడును.

1851వ సంవత్సరము మే 1వ తేదీన లండను నగరపు హైడ్ పార్కులో, గాజుతోను ఇనుముతోను కట్టిన స్ఫటిక భవనమున మహాప్రదర్శనము ప్రారంభమయ్యెను. అక్టోబరులో ముగియునప్పటికి అరువది లక్షల ప్రవేశములు లెక్కకు వచ్చినవి. ఈస్టిండియా కంపెనీవారు మన దేశమునుండి సేకరించి పంపిన పట్టు, మస్లిను, నగలు, దంతపు పనులు చూచి అచ్చటివారు ముక్కున వ్రేలిడుకొనిరి. వస్తువు సముద్రము దాటెను. దానిని చేసినవాడు తన గుంటమగ్గము వద్దనే ఉండెను.

తరువాత 1866లో ఫోర్బ్స్ వాట్సన్ అను అధికారి మన వస్త్రముల నమూనాలు 700 కత్తిరించి 18 సంపుటములుగా కూర్చెను. ఇట్టివి 20 ప్రతులు తయారుచేయించి, 13 ప్రతులు బ్రిటనులోను 7 ప్రతులు మన దేశములోను ఉంచిరి. ఈ దేశపు ప్రజలు ఎట్టి బట్ట కట్టుదురో తెలిసికొని అచ్చటి మరలు అట్టి బట్టనే నేయవలెనన్నది అందలి ముఖ్యోద్దేశము. నమూనాతోపాటు కొలతలు, వెల, ఊరు మొదలగు వివరములు వ్రాయించిరి. నేసినవాని పేరుకు చోటు లేదు. నేను ముప్పదియైదేండ్లు రిజిస్టర్లు వ్రాసిన గుమాస్తాను. ఒక రిజిస్టరులో ఏ గడి గీయలేదో చూచినచో, అది ఎవరికొరకు తయారైనదో తెలిసిపోవును.

1886లో లండనులోనే సౌత్ కెన్సింగ్టనులో వలసరాజ్యముల, ఇండియా ప్రదర్శనము జరిగెను. ఈ పర్యాయము పనివారిని కూడ ఓడనెక్కించి కొనిపోయిరి. నేతగాండ్రు, కుమ్మరులు, చెక్కడపు పనివారు ప్రేక్షకుల యెదుట దినమెల్ల పనిచేసిరి. అయితే వారిలో 34 మంది ఆగ్రా కారాగారమున పని నేర్చినవారు. వారిని కొనివచ్చినవాడు ఆ కారాగారాధికారియైన డాక్టరు టైలరు. వారిలో బక్షీరామ్ అను కుమ్మరి నూరేండ్లు దాటినవాడని ప్రకటించిరి. విక్టోరియా రాణి కోరగా రుడాల్ఫ్ స్వోబోడా అను చిత్రకారుడు ఆ పనివారి రూపములను చిత్రించెను. ఆ పటములు నేటికిని రాజవంశపు సేకరణలో ఉన్నవి. ఈసారి మనిషి సముద్రము దాటినమాట నిజమే. కాని అతడు అతిథి కాడు, గృహస్థు అంతకన్న కాడు. వస్తువులతోపాటు తానును ఒక వస్తువై నిలిచెను.

ఈ వరుస మారుటకు స్వరాజ్యము రావలసివచ్చెను. మార్చినవారిలో అగ్రగణ్యురాలు మంగళూరున 1903లో జన్మించిన శ్రీమతి కమలాదేవీ చట్టోపాధ్యాయ. 1952లో ఏర్పడిన అఖిలభారత హస్తకళల బోర్డుకు ఆమె అధ్యక్షత వహించెను. ఊరూర తిరిగి, పనివాని ముంగిట కూర్చుండి, అతని కష్టసుఖములు వినుట ఆమె పద్ధతి. మన శ్రీకాళహస్తిలో కలంకారీ విద్య అడుగంటుచున్న కాలమున, 1950ల చివర అచ్చట శిక్షణ కేంద్రము నెలకొల్పినది ఆ బోర్డే. ఆ ఊరి కలంకారీ కళాకారుడు శ్రీ జొన్నలగడ్డ గురప్పశెట్టిగారికి 2008లో పద్మశ్రీ లభించినదనిన, ఆనాడు నాటిన మొక్క ఎంత ఎదిగినదో ఊహింపవచ్చును. 1965 నుండి ఉత్తమ శిల్పులకు జాతీయ బహుమతులు ఇచ్చుట ఆరంభమయ్యెను. వాట్సను సంపుటములలో లేని పేరు గడి అట్లు మన రిజిస్టరులో చేరెను.

1964 జూన్ నెలలో న్యూయార్కు నగరపు కొలంబియా విశ్వవిద్యాలయమున ప్రపంచ చేతిపనివారి మహాసభ జరిగెను. నలుబదికి పైగా దేశములవారు వచ్చిరి. ఈ సభకు వెనుక నిలిచినవారిలో ముగ్గురు స్త్రీలు ముఖ్యులు. అమెరికాలో చేతిపనుల సంస్థను పెంచిన ఐలీన్ ఆస్బర్న్ వెబ్ అందు ఒకరు. దేశదేశములు తిరిగి ఆయా చోట్ల చేతిపనికి పాటుపడువారిని వెదకి పరిచయము చేసికొన్న మార్గరెట్ ప్యాచ్ రెండవవారు. ఆసియా దేశముల అనుభవమును వెంట తెచ్చిన మన కమలాదేవి మూడవవారు. ఒకరికి ధనబలమును సంస్థయు, వేరొకరికి తిరిగి తెచ్చిన పరిచయములు, ఇంకొకరికి లక్షల పనివారి నమ్మకము. ఈ మూడును ఒక్కరివద్దనే ఉండుట అరుదు. ఆ సభలోనే ప్రపంచ హస్తకళా మండలి పుట్టెను. అదే సంవత్సరము మద్రాసులో భారత హస్తకళా మండలిని కమలాదేవి స్థాపించిరి.

ఆ మండలి తరువాతి నడక గమనింపదగినది. 1966లో స్విట్జర్లాండులోని మాంట్రూ, 1968లో పెరూ రాజధాని లీమా, 1970లో డబ్లిన్, 1972లో ఇస్తాంబుల్, 1974లో టొరాంటో సభకు వేదికలైనవి. రెండేండ్లకొక దేశము గృహస్థు. ఉభయదారుల పద్ధతి ప్రపంచమునకు వ్యాపించినట్లున్నది గదా! ధనికదేశమని ఒక్కరే ఎల్లకాలము ఆతిథ్యమీయలేదు. లీమాయు ఇస్తాంబులును కూడ తమ ఇంట దీపము వెలిగించినవి.

ఇక నేటి సంగతి. 2020 మార్చి 25 నుండి దేశమంతట తలుపులు మూతపడెను. సంతలు, ప్రదర్శనములు ఆగిపోయెను. 2019–20 చేనేత గణనలో దేశమున నేత, అనుబంధపు పనులు చేయువారు 35.22 లక్షలని తేలినది; వారిలో స్త్రీలే 25 లక్షలకు పైబడిరి. ఇందరి చేతిసరకు ఇండ్లలో మిగిలిపోయెను. ఆ యేడే జూలై, ఆగస్టు నెలలలో అఖిలభారత చేనేత బోర్డు, హస్తకళల బోర్డు రద్దుచేయబడెను. ఆ కాలముననే ఎగుమతి మండలులు అంతర్జాలము ద్వారా తెరమీద ప్రదర్శనములు జరుపుట మొదలిడెను. ఓడ అక్కరలేదు, రైలు అక్కరలేదు. కాని తెర మీద ఎవరు గృహస్థు అను పాత ప్రశ్న మాత్రము తీరలేదు.

దీనిని నేను మా ఊరిలోనే చూచితిని. షోలాపురములో తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చి తరతరములుగా స్థిరపడిన నేతకుటుంబములు పెక్కు గలవు. ఇచ్చటి దుప్పట్లు దేశమంతట పేరొందినవి. 2021 శీతకాలమున మా తెలుగు సంఘము, తమిళనాటి సేలము ప్రాంతమున ఉన్న తెలుగు నేతకుటుంబములవారు కలిసి, చేతిపని నేర్వగోరువారికొరకు తెరమీద రెండు దినముల సభ జరుపదలచితిమి. హాజరు, జమాఖర్చులు వ్రాయు పని నాది. మొదట మా కార్యవర్గమే గృహస్థు. ఆహ్వానపత్రికపై మగ్గము బొమ్మ, క్రింద మా కార్యవర్గ సభ్యుల పేర్లు. దానిని చూచి ఒక వృద్ధ నేతగాడు నన్ను పిలిచి, “తమ్మీ, పత్రికల మగ్గం బొమ్మ ఏసిండ్రు. నేసెటోళ్ళ పేరేది?” అని అడిగెను. నాకు వాట్సను సంపుటములు జ్ఞప్తికి వచ్చెను. ఆ పత్రికను శుభ్రప్రతి వ్రాసినవాడను నేనే; ఆ గడి గీయనివాడను నేనే.

పత్రిక మరల వ్రాసితిమి. ప్రతి భాగమునకు ఇద్దరు గృహస్థులు: సంఘమునుండి ఒకరు, నేతవారినుండి ఒకరు. మగ్గపు పని ముగిసిన తరువాత, రాత్రి ఏడు గంటలకు సభ పెట్టితిమి. పగలు పెట్టినచో నేతగాని కూలి పోవును. మగ్గపు చప్పుడులో మాట వినబడదు. కావున ముందు నేసి చూపుట, పిదప మగ్గము ఆపి మాటలాడుట. సెల్‌ఫోను పట్టుకొనుటకు ప్రతి యింట ఒక పిల్లవాడు. వెల నిర్ణయించువాడు నేతగాడే, సొమ్ము నేరుగా అతని ఖాతాకే. కొన్నవారి పేర్లు, చిరునామాల పట్టిక ఇరుపక్షములకు సమానముగ ఇచ్చితిమి. రేపటి బేరము ఆ పట్టికలోనే ఉన్నది గనుక ఇది అన్నిటికన్న ముఖ్యము. వారు తమ బంధువులను పిలిచిరి, మేము మావారిని పిలిచితిమి. ఒక్కరే పిలిచినచో రానివారు ఇట్లు వచ్చిరి.

ఇల్లు అలకగానే పండుగ కాదు. మొదటి రాత్రి విద్యుత్తు పోయి అరగంట సభ ఆగెను. సేలమువారు వెంటనే తమ భాగమును ముందునకు తెచ్చి నడిపిరి. ఇద్దరు గృహస్థులున్న యింట అతిథి ఆకలితో పోడని ఆనాడు తెలిసికొంటిమి.

రెండవ రాత్రి జరిగిన ఒక సంగతి చెప్పి ముగింతును. మా పిల్లలు మరాఠీ బడులలో, వారి పిల్లలు తమిళ బడులలో చదివినవారు. మాటలాడుకొనుటకు మొదట తడబడిరి. మా వృద్ధుడు నూలు చూపుచు పడుగు, పేక, నాడె అని ఒక్కొక్కటి పేర్కొనెను. సేలము వైపునుండి ఒక బాలిక, “మా తాత కూడా అట్లానే అంటాడు” అనెను. వ్యాకరణము నేర్పక మునుపే మగ్గము వారికి ఒక భాష ఇచ్చెను. ఆ వృద్ధుడు కేవలము ప్రదర్శింపబడువాడై యుండినచో ఆ మాటలు పలుకుటకు అతనికి సమయమే దొరకదు. గృహస్థుడు గనుక తన యింటి మాట పలికెను.

కర్ణాటకములో, ఒడిస్సాలో, తమిళనాట, మహారాష్ట్రములో, యానాములో మనవారి సంఘములు కలవు. ఏ సంఘమును తక్కినవానికన్న తక్కువది కాదు. ఏదియు ఒంటరిగ అన్నియు చేయజాలదు. ఏడాదికి రెండు సంఘములు చొప్పున ఉభయము వహించి, తమ ఊరి చేతిపనివారితో కలిసి ఇట్టి సభ నడిపినచో ఖర్చు స్వల్పము, ఫలము అధికము. అయితే పత్రికను అచ్చునకు ఇచ్చుటకు ముందు దానిని ఒక నేతగాని చేతికిచ్చి, తన పేరు ఎచ్చట ఉన్నదో చూడుమని అడుగవలెను. మేము ఆలస్యముగ అడిగితిమి. మీరు ముందే అడుగుడు.