ఆహార క్యాన్సర్ కారకాలు - స్తన కణాలలో ఉత్పరివర్తనాలు

ఆహారం ద్వారా శరీరంలో ప్రవేశించి, జీవకణంలోని డి.ఎన్.ఏ.ను మార్చి, క్యాన్సరుకు దారితీయగల రసాయనాలను ఆహార క్యాన్సర్ కారకాలు అంటారు. డి.ఎన్.ఏ.లో శాశ్వతంగా నిలిచి, కణ విభజన ద్వారా పిల్ల కణాలకు సంక్రమించే మార్పు ఉత్పరివర్తనం. ఈ రసాయనాలు స్తన కణాలలో ఉత్పరివర్తనాలను ఎలా కలిగిస్తాయో తెలుసుకోవడానికి శాస్త్రవేత్తలు శరీరం వెలుపల, పోషక ద్రవం గల పళ్ళాలలో పెంచిన కణాలను ఉపయోగిస్తారు. ఈ పద్ధతికి కణ వర్ధనం అని పేరు. ఉత్పరివర్తనం, క్యాన్సరు ఒకటి కావు. మొదటిది రెండవదానికి దారితీసే మెట్లలో ఒకటి మాత్రమే.

రసాయనాల పుట్టుక

మాంసాన్ని, చేపలను అధిక వేడి మీద వండినప్పుడు ముఖ్యంగా రెండు రకాల రసాయనాలు ఏర్పడతాయి.

మొదటి రకం హెటిరోసైక్లిక్ అమైన్లు. కండర మాంసంలో సహజంగా ఉండే క్రియాటిన్, అమైనో ఆమ్లాలు, చక్కెరలు సుమారు 150 డిగ్రీల సెల్సియస్ దాటిన వేడిలో కలిసి వీటిని ఏర్పరుస్తాయి. పప్పులలో, కూరగాయలలో క్రియాటిన్ లేదు గనుక అవి మాడినా ఈ రకం దాదాపు పుట్టదు. జపాను శాస్త్రవేత్త తకాషి సుగిమురా బృందం కాల్చిన చేప మాడుకు ఉత్పరివర్తనాలు కలిగించే శక్తి ఉన్నదని 1977లో ప్రకటించింది. వీటిలో సమృద్ధిగా కనిపించే 'ఫిప్' (పి.హెచ్.ఐ.పి.) అనే పదార్థాన్ని 1986లో అమెరికాలోని లారెన్స్ లివర్‌మోర్ ప్రయోగశాల వారు వేయించిన గొడ్డుమాంసం నుండి వేరుచేశారు.

రెండవ రకం పాలీసైక్లిక్ ఏరోమాటిక్ హైడ్రోకార్బన్లు. కొవ్వు నిప్పుల మీద కారి పొగ లేచినప్పుడు ఇవి పుట్టి, ఆ పొగతో పాటు మాంసానికి అంటుకుంటాయి. వీటిలో ప్రసిద్ధమైనది బెంజోపైరీన్. దీనిని తొలుత 1933లో బొగ్గు తారు నుండి వేరుచేశారు.

చార్మినార్ ప్రాంతపు వంటలు

వండే పద్ధతిని బట్టి ఈ రసాయనాలు ఎలా మారుతాయో హైదరాబాదు పాతబస్తీలో చార్మినార్ పరిసరాలలో దొరికే వంటలతో సులభంగా గ్రహించవచ్చు. సీఖ్ కబాబులను చువ్వలకు పట్టించి బొగ్గుల నిప్పు మీద కాలుస్తారు. కొవ్వు నేరుగా నిప్పుల మీద పడుతుంది కాబట్టి రెండు రకాలూ ఏర్పడగలవు. పత్థర్ కా గోష్త్‌లో మాంసం ముక్కలు బాగా కాలిన రాతి పలకను తాకుతాయి. ఇక్కడ మొదటి రకానికే అవకాశం ఎక్కువ. 2010లో భౌగోళిక గుర్తింపు పొందిన హైదరాబాదీ హలీం తయారీ వేరు. గోధుమలను, మాంసాన్ని నీటితో కలిపి భట్టీ మీద గంటల తరబడి ఉడికిస్తారు. నీరు ఉన్నంతవరకు వేడి 100 డిగ్రీల దాపులోనే ఉంటుంది గనుక ఈ రసాయనాలు చాలా స్వల్పం. మాంసం ఒకటే అయినా ఫలితం వేడిని బట్టి, పొగను బట్టి మారుతుంది.

చురుకైన రూపం

ఫిప్ గాని, బెంజోపైరీన్ గాని తిన్న రూపంలోనే డి.ఎన్.ఏ.కు అంటుకోలేవు. పరాయి పదార్థాలను నీటిలో కరిగేట్లు మార్చి బయటకు పంపడం శరీర ధర్మం. ఆ మార్పిడిలోనే కొంత భాగం ప్రమాదకరమైన రూపం దాలుస్తుంది.

కాలేయంలోని సైటోక్రోమ్ పి450 1ఎ2 అనే ఎంజైము ఫిప్‌కు ఒక హైడ్రాక్సిల్ సమూహాన్ని చేరుస్తుంది. ఈ రూపం రక్తం ద్వారా ఇతర అవయవాలకు చేరగలదు. స్తన కణాలలోని ఎసిటైల్ ట్రాన్స్‌ఫరేజ్, సల్ఫోట్రాన్స్‌ఫరేజ్ ఎంజైములు దానిని మరింత చురుకుగా చేస్తాయి. బెంజోపైరీన్‌ను మాత్రం స్తన కణాలలోనే ఉన్న 1ఎ1, 1బి1 ఎంజైములు డయోల్ ఎపాక్సైడ్‌గా మార్చగలవు. ఈ కారణం చేతనే ఫిప్ ప్రయోగాలలో తరచు కాలేయ సారాన్ని కలుపుతారు, లేదా ముందే హైడ్రాక్సిల్ చేర్చిన రూపాన్ని వాడుతారు.

డి.ఎన్.ఏ.లో జరిగే మార్పు

చురుకైన రూపాలు రెండూ ప్రధానంగా డి.ఎన్.ఏ.లోని గ్వానిన్ అనే క్షారానికి అతుక్కుంటాయి. కణం ఇలాంటి అతుకులను కత్తిరించి, ఆ భాగాన్ని సరిచేసుకోగలదు. మరమ్మతు పూర్తికాకముందే కణం విభజనకు సిద్ధమైతే, చెరిగిన అక్షరాన్ని ఎత్తిరాసేవాడు ఊహించి రాసినట్లు, గ్వానిన్‌కు ఎదురుగా సైటోసిన్‌కు బదులు అడినైన్ చేరవచ్చు. తరువాతి విభజనలో ఆ అడినైన్‌కు ఎదురుగా థైమిన్ వస్తుంది. ఆ విధంగా గ్వానిన్ ఉన్నచోట థైమిన్ స్థిరపడుతుంది. ఈ మార్పు కణ విభజనను అదుపు చేసే పి53 వంటి జన్యువులలో జరిగితే ప్రమాదం ఎక్కువ.

స్తన కణాలపై ప్రయోగాలు

మార్తా స్టాంఫర్, జాక్ బార్ట్‌లీ 1985లో ప్రకటించిన ప్రయోగం ఈ రంగంలో ముఖ్యమైనది. స్తన పరిమాణాన్ని తగ్గించే శస్త్రచికిత్సలో తొలగించిన కణజాలం నుండి వారు సాధారణ ఉపకళా కణాలను పెంచారు. మామూలుగా ఈ కణాలు కొన్ని విభజనల తరువాత ఆగిపోతాయి. బెంజోపైరీన్ సోకిన కణాలలో కొన్ని మాత్రం ఆగకుండా పెరిగి, శాశ్వత కణ వంశాలు అయ్యాయి. అయితే వాటిని రోగనిరోధక శక్తి లేని ఎలుకలలో ప్రవేశపెట్టినప్పుడు కణుతులు ఏర్పడలేదు.

1990లో వెలువడిన ఎం.సి.ఎఫ్-10ఎ అనే కణ వంశం కూడా క్యాన్సరు లేని స్తన కణజాలం నుండి వచ్చినదే. టెనెస్సీ విశ్వవిద్యాలయం పరిశోధకులు 2012లో ప్రకటించిన పనిలో ఈ కణాలకు ఫిప్‌ను స్వల్ప మోతాదులో పదేపదే ఇవ్వగా, అవి క్రమంగా క్యాన్సరు కణాల లక్షణాలు కొన్ని సంతరించుకున్నాయి.

ఉత్పరివర్తనాల లెక్కింపు

లెక్కింపుకు తరచు హెచ్.పి.ఆర్.టి. అనే జన్యువును ఉపయోగిస్తారు. ఈ జన్యువు సరిగా పనిచేసే కణాలు 6-థయోగ్వానిన్ అనే మందును విషంగా మార్చుకొని చనిపోతాయి. జన్యువు చెడిన కణాలు బ్రతికి గుంపులుగా పెరుగుతాయి. ఆ గుంపులను లెక్కిస్తే ఉత్పరివర్తనాల రేటు తెలుస్తుంది. ప్రయోగానికి ముందే చెడి ఉన్న కణాలను తొలగించడానికి అమినోటెరిన్ కలిసిన యానకాన్ని వాడుతారు. ఈ అమినోటెరిన్ భీమవరంలో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందు కావడం తెలుగువారికి విశేషం.

హైదరాబాదులో పరిశోధన

తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు ఆహారానికీ ఉత్పరివర్తనాలకూ గల సంబంధాన్ని మరొక వైపు నుండి పరిశీలించారు. పొగత్రాగే 16 మందికి రోజుకు 1.5 గ్రాముల పసుపు 30 రోజులపాటు ఇవ్వగా, వారి మూత్రంలో ఉత్పరివర్తన కారకాలు తగ్గాయని 1992లో ప్రకటించారు. ఇది స్తన కణాలపై చేసిన ప్రయోగం కాదు. పసుపు క్యాన్సరును నివారిస్తుందని దీని నుండి నిర్ధారించరాదు.

ఫలితాల పరిమితి

పళ్ళెంలోని కణానికి కాలేయం, మూత్రపిండాలు, రోగనిరోధక వ్యవస్థ తోడుండవు. అనేక ప్రయోగాలలో మోతాదు ఆహారంలో లభించే దానికంటే చాలా ఎక్కువ. కనుక కణ వర్ధనం 'ఇలా జరగగలదు' అని చెబుతుంది గాని, 'ఇంతమందికి జరుగుతుంది' అని చెప్పదు.

ఫిప్ ఆడ ఎలుకలలో స్తన కణుతులు కలిగిస్తుందని 1991లో తేలింది. 1993లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ దీనిని మానవులలో క్యాన్సరు కలిగించే అవకాశం గల 2బి వర్గంలో చేర్చింది. బాగా మాడిన మాంసానికీ స్తన క్యాన్సరుకూ బలమైన సంబంధం ఉన్నదని 1998లో అమెరికాలోని అయోవా మహిళల అధ్యయనం సూచించినా, తరువాతి పెద్ద అధ్యయనాలలో అనేకం దానిని ధ్రువపరచలేదు. ఆహారపానీయాలలో స్తన క్యాన్సరుతో సంబంధం స్పష్టంగా రుజువైనది మద్యం.

కబాబు తిన్నందువల్లనే ఫలానా స్త్రీకి వ్యాధి వచ్చిందని చెప్పడానికి ఈ ప్రయోగాలు ఆధారం కావు. మాంసాహారం తిననివారికి ఈ వ్యాధి రాదనడం కూడా తప్పే. మాంసం మాడకుండా, మంట నేరుగా తగలకుండా వండడం, మాడిన భాగాన్ని తీసివేయడం ఈ రసాయనాలను తగ్గించే సులభమైన మార్గాలు. ఆహార నియమాలు ఏవైనా, స్తనంలో గడ్డ కనిపించినప్పుడు ఆలస్యం చేయకుండా వైద్య పరీక్ష చేయించుకోవాలి.