కప్పల తక్కెడ

మొన్నటి వానాకాలంలో జరిగిన సంగతి. నేనుండేది గ్రేటర్ నోయిడాలో. మా అపార్టుమెంట్ల వెనక ఒక ఖాళీ ప్లాటు ఉంది. గట్టి వాన పడితే అందులో మోకాలి లోతు నీళ్లు నిలుస్తాయి, రాత్రంతా బోదురు కప్పలు అరుస్తాయి. అలాంటి ఒక సాయంత్రం కింద బెంచీ మీద కూర్చుని ఉంటే మా పక్కింటాయన ఒక విషయం చెప్పారు. ఆయనది కృష్ణా జిల్లా. రిటైరయ్యాక కొడుకు దగ్గరికి వచ్చి ఉంటున్నారు. మూడో అంతస్తులో ఖాళీగా ఉన్న ఫ్లాటు అద్దెకు అడగడానికి ఇద్దరు నాగాలాండ్ కుర్రాళ్లు వచ్చారట. ఇక్కడి కాలేజీలో చదువుకుంటున్నారు.

"ఇవ్వొద్దని ఓనరుకి చెప్పానండీ. వాళ్లు కప్పలు తింటారట. మన దేశంలో ఎక్కడైనా కప్పల్ని తిన్నారా? మనం కప్పతల్లి అని మొక్కేవాళ్లం" అన్నారు.

నవ్వి ఊరుకోవచ్చు. కానీ మేముంటున్న గౌతమ బుద్ధ నగర్ జిల్లాలో అలా ఊరుకోవడం కష్టం. 2015 సెప్టెంబరు 28 రాత్రి దాద్రీ దగ్గర బిసాహడా గ్రామంలో ఆవును కోశారని గుడి మైకులో చెప్పారు. గుంపు మహమ్మద్ అఖ్లాక్ ఇంట్లోకి దూరి ఆయన్ని కొట్టి చంపింది. ఆ తర్వాత ఫ్రిజ్‌లో దొరికిన మాంసం ఏ జంతువుదన్న చర్చ ఏళ్ల తరబడి నడిచింది, అదేదో అసలు ప్రశ్న అయినట్లు! 2017 మార్చిలో గ్రేటర్ నోయిడాలోనే ఒక పన్నెండో తరగతి విద్యార్థి కనిపించకుండా పోతే, పొరుగున ఉన్న నైజీరియా విద్యార్థులు అతన్ని తినేశారని పుకారు పుట్టింది. అతను ఇంటికి తిరిగి వచ్చాడు, తర్వాత ఆసుపత్రిలో చనిపోయాడు. తినలేదని కళ్లారా తేలినా కోపం చల్లారలేదు. మార్చి 27న గుంపు షాపింగ్ మాల్‌లోకి జొరబడి నల్లగా కనిపించిన విద్యార్థులను చితకబాదింది. "వాళ్లు ఏం తింటారో తెలుసా" అన్న మాట ఇక్కడ ఎక్కడికి దారి తీస్తుందో చూశాం కనుక, కప్ప సంగతి కాస్త వివరంగా చూద్దాం.

మన దేశంలో ఎవరూ తినలేదా? చరక సంహిత సూత్రస్థానం 27వ అధ్యాయం ఆహార పదార్థాల గురించినది. అందులో మాంసాలను జంతువుల నివాసాన్ని బట్టి వర్గాలు చేశారు. నేలలో, బొరియల్లో ఉండే జంతువుల జాబితాలో ఉడుము, ముంగిస, ఏదుపందులతో పాటు భేకం కూడా ఉంది. భేకం అంటే కప్ప. ఈ వర్గం మాంసం బలం ఇస్తుందని, వాతాన్ని తగ్గిస్తుందని గుణాలు కూడా చెప్పారు. కప్ప మాంసం వాతాన్ని తగ్గిస్తుందని నేను నమ్మను, అది వేరే విషయం. అందరూ రోజూ తిన్నారని కూడా ఈ జాబితా చెప్పదు. ఆ గ్రంథం కూర్చిన వాళ్లకు కప్ప మాంసం తినే వస్తువుల్లో ఒకటి అన్నంత వరకే దీన్ని సాక్ష్యంగా తీసుకోవచ్చు. "అన్నీ మన శాస్త్రాల్లోనే ఉన్నాయి" అనేవారు ఈ పేజీని మాత్రం చప్పున తిప్పేస్తారు.

ఇక కప్పతల్లి. వానలు పడకపోతే రోకలికి కప్పను కట్టి, వేపాకులు చుట్టి, ఇంటింటికీ తిప్పి నీళ్లు పోయించడం మన పల్లెల్లో ఉన్నదే. వాన వస్తే కప్ప అరుస్తుంది. కప్పను తడిపితే వాన రాదు. కార్యకారణాలను తిరగేసిన నమ్మకానికి ఇంతకంటే చక్కని ఉదాహరణ దొరకదు. ఎండలో ఊరంతా తిరిగిన ఆ కప్ప గతి ఏమైందో మొక్కిన వాళ్లెవరూ అడగలేదు.

అసలు కథ మన పొలాల్లోనే ఉంది. అదుపులో పెట్టలేని గుంపును కప్పల తక్కెడ అంటాం. కప్పల్ని తూచడం అసాధ్యమన్న ఊహ మీద పుట్టిన మాట అది. 1950ల తర్వాత నిజంగానే తూచారు. ఆంధ్ర, తమిళనాడు, కేరళ, బెంగాల్ తడి పొలాల నుంచి బోదురు కప్పలు గోనె సంచుల్లో ఏజెంట్లకు చేరేవి. చీకటి పడ్డాక పెట్రోమాక్స్ దీపం పట్టుకుని చెరువు గట్ల వెంట వెళ్లేవారు. వెలుగు కళ్లలో పడితే కప్ప కదలదు, చేత్తో తీసి సంచిలో వేసుకోవడమే. పట్టేవాళ్లు కూలీలు, భూమి లేని పేదలు. ఫ్యాక్టరీలో కప్పను బతికుండగానే నడుం దగ్గర రెండుగా కోసేవారు. కాళ్లు మంచులోకి, మిగతా సగం చెత్తలోకి.

ఆ కాళ్లు అమెరికాకు, ఫ్రాన్స్‌కు, బెల్జియంకు వెళ్లేవి. 1972లో ఏర్పడిన సముద్ర ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ కప్ప కాళ్లను కూడా రొయ్యల పద్దులోనే రాసుకుంది. చెరువు గట్టు కప్ప సముద్ర ఉత్పత్తి ఎలా అయిందని అడగకండి. కాథలిక్కుల ఉపవాస దినాల్లో మాంసం నిషిద్ధం, కప్ప మాత్రం నిషిద్ధం కాదు. చర్చికైనా సర్కారుకైనా అవసరమైతే కప్ప చేపే.

1981లో ఎగుమతి 4,000 టన్నులు దాటింది. కిలోకు 20 కప్పలు అని లెక్క వేసుకున్నా ఆ ఒక్క ఏడాదిలో 8 కోట్ల కప్పలు. సరిగ్గా ఆ కాలంలోనే ఫ్రాన్స్ తన కప్పలు తగ్గిపోతున్నాయని సొంత దేశంలో వాటిని పట్టి అమ్మడాన్ని ఆపింది. తినడం మాత్రం ఆపలేదు.

1985లో బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన హుమాయూన్ అబ్దులాలి ఒక లెక్క ముందు పెట్టారు. కప్ప కాళ్ల మీద వచ్చే డాలర్లకు రెట్టింపుకు మించి పురుగుమందుల దిగుమతికి పోతోంది, పురుగుల్ని తినే కప్పల్ని అమ్మి పురుగుల మందు కొంటున్నాం అని. అదే ఏడాది బోదురు కప్ప అంతర్జాతీయ వ్యాపార నియంత్రణ జాబితాకెక్కింది. 1987లో భారత ప్రభుత్వం ఎగుమతిని నిషేధించింది. ఏ శాస్త్రమో వద్దన్నదని కాదు, పొలం లెక్క తప్పుతోందని.

ఆ నిషేధం మంచిదే అని నా అభిప్రాయం. అయితే మన పక్షాన ఉన్న వాదాన్ని కూడా పరీక్షించాలి కదా. కప్పలు పోయాయి కాబట్టి దోమలు పెరిగి మలేరియా వచ్చిందని పాఠ్యపుస్తకాల తరహాలో చాలామంది రాస్తుంటారు. అంకెలు అలా చెప్పవు. 1976లో దేశంలో మలేరియా కేసులు 64 లక్షలు దాటాయి. డీడీటీకి దోమలు అలవాటు పడటం, నిఘా సడలడం దానికి కారణాలు. కప్పల ఎగుమతి తారస్థాయికి చేరింది 1981లో. 1980ల మధ్యకు మలేరియా తగ్గి 20 లక్షల చిల్లరకు వచ్చింది. పురుగుమందుల వాడకం కూడా హరిత విప్లవపు వంగడాలతో ఎలాగూ పెరిగేదే. ఎంత భాగం కప్పలు లేనందువల్లో విడదీసి చెప్పడం కష్టం. కోట్ల కప్పల్ని ఏటా ఏరేస్తే చిత్తడి నేల తట్టుకోలేదన్న ఒక్క కారణం నిషేధానికి చాలు. దానికి మలేరియాను అతికించాల్సిన పని లేదు.

నిషేధం తర్వాత వ్యాపారం ఆగలేదు, ఊరు మారింది. ఇప్పుడు యూరప్ తినే కప్ప కాళ్లలో ఎక్కువ భాగం ఇండోనేషియావి. మన దేశంలో వానాకాలం వస్తే గోవాలో 'జంపింగ్ చికెన్' పేరుతో దొంగచాటు వంటకాలు, అటవీ శాఖ దాడులు ఉండనే ఉన్నాయి.

ఇదంతా ఒక్కసారి కాదు, రెండు మూడు సాయంత్రాల్లో ఆయనకు చెప్పాను. చరకుడి దగ్గర "అది తర్వాత ఎవరో చేర్చి ఉంటారు" అన్నారు. పెట్రోమాక్స్ దీపాల దగ్గర మాత్రం మాట్లాడలేదు. కాసేపయ్యాక ఆయనే అందుకున్నారు.

"మా చిన్నప్పుడు వానాకాలం రాత్రుళ్లు పొలాల్లో దీపాలు తిరిగేవండీ. కొరివి దయ్యాలని మా నాయనమ్మ తలుపులు వేసి మమ్మల్ని లోపల పడుకోబెట్టేది. వాళ్లేనంటారా?"

వాళ్లే అయి ఉండొచ్చు అన్నాను. మర్నాడు ఆయన ఓనరుకి ఫోన్ చేశారు. ఫ్లాటు అప్పటికే ఇంకెవరికో ఇచ్చేశారట.