పుస్తకం మాట వినని రబ్బరు

మన బడిలో తొమ్మిదో తరగతి చదువుతున్నప్పుడు ఘర్షణ పాఠం వచ్చింది. సైన్సు మాస్టారు ఒక చెక్క దిమ్మను బల్ల మీద ఓసారి వెడల్పుగా, ఓసారి సన్నటి అంచు మీద నిలబెట్టి స్ప్రింగు త్రాసుతో లాగారు. రెండుసార్లూ ముల్లు ఒక్కచోటే ఆగింది. ఘర్షణకూ తాకే వైశాల్యానికీ సంబంధం లేదని మేమంతా రాసుకున్నాం. ఏదో వారపత్రికలో రేసు కారు బొమ్మ చూసి ఉన్నానేమో, లేచి అడిగేశాను: ‘‘మరి ఆ కార్ల టైర్లు అంత వెడల్పెందుకండీ?’’

మాస్టారు కాసేపు ఆలోచించారు. ‘‘అది చెక్క కాదు, రబ్బరు. అది మన పుస్తకం మాట వింటుందో లేదో నాకూ తెలియదురా. పెద్దయ్యాక కనుక్కుని నాకు చెప్పు’’ అన్నారు. తెలియదని ఒప్పుకున్న పెద్దమనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

జవాబు వెతకాల్సిన అవసరం 2019లో మిషిగన్‌లో వచ్చింది. యాభై దగ్గర పడుతున్నాక ఓ చిన్న సరదా తీర్చుకుందామని పాత మాజ్డా మియాటా కొన్నాను. రెండు సీట్ల స్పోర్ట్స్ కారు, పైకప్పు తీసేయొచ్చు. టైర్ల మీద గాట్లు లోతుగా, కొత్తవాటిలా ఉన్నాయి. ఒక వానరోజు హైవే దిగే మలుపులో వెనక చక్రాలు జారి కారు గిర్రున తిరిగి గడ్డిలో ఆగింది. పక్కన మా అమ్మాయి. ఇద్దరికీ దెబ్బలు తగల్లేదు. ‘‘నాన్నా, టైర్లు కొత్తవన్నావుగా?’’ అంది. ఇంటికొచ్చి టైరు గోడ మీద చూస్తే చివరి నాలుగంకెలు 3508. అంటే 2008లో 35వ వారంలో తయారైంది. పదకొండేళ్ల రబ్బరు. గోరు గుచ్చితే దిగలేదు.

కొత్తవి కొనేముందు చరిత్ర చదవడం మొదలుపెట్టాను. ఇంజనీరు జబ్బు!

గాలి టైరుకు మొదట పేటెంటు తీసుకున్నది స్కాట్లండు వాడైన రాబర్ట్ విలియం థామ్సన్, 1845లో. అందరూ మరిచిపోయారు. 1888లో బెల్‌ఫాస్టులో పశువుల డాక్టరు జాన్ బాయిడ్ డన్‌లప్ కొడుకు మూడు చక్రాల సైకిలు కోసం మళ్లీ కనిపెట్టాడు. రెండేళ్లకు పాత పేటెంటు బయటపడి ఆయన హక్కు పోయింది, పేరు మాత్రం నిలిచింది. 1895లో మిషెలిన్ సోదరులు పారిస్-బోర్డో-పారిస్ పందెంలో గాలి టైర్ల కారు నడిపి దారి పొడుగునా పంక్చర్లు వేసుకున్నారు. అప్పటిదాకా అందరి ధ్యాసా కుదుపులు తగ్గించడం మీదే. రోడ్డును పట్టుకోవడం గురించి పెద్దగా ఆలోచించిందెవరు?

అసలు మలుపు 1946లో మిషెలిన్ రేడియల్ పేటెంటు. పాత టైరులో దారాలు ఏటవాలుగా ఒకదాన్నొకటి దాటేవి. మన చిన్నప్పటి లారీలవి అవే. గోడ వంగితే పైభాగం కూడా మెలితిరిగేది. రేడియల్‌లో దారాలు ఈ అంచు నుంచి ఆ అంచుకు తిన్నగా వెళ్తాయి, పైన ఉక్కు పట్టీ చుడతారు. గోడ వంగినా రోడ్డు మీద రబ్బరు చదునుగా పరుచుకునే ఉంటుంది. దాంతో పొట్టి గోడల వెడల్పు టైర్లకు దారి దొరికింది. 1970ల మధ్యలో పోర్షే 911 టర్బోకు వేసిన పిరెల్లీ పీ7 ఆ కోవలోదే. 1990లలో రబ్బరులో సిలికా కలపడం పెరిగి, తడి రోడ్డు మీద పట్టు మెరుగైంది.

ఇక మాస్టారి ప్రశ్న. చెక్క మీద బరువు రెట్టింపైతే ఘర్షణా రెట్టింపవుతుంది. రబ్బరు అలా కాదు. అది రోడ్డులోని సన్న రాళ్ల మధ్యకు దిగి పట్టుకుంటుంది. ఒక్కచోటే ఎక్కువ బరువు వేసినకొద్దీ అదనంగా వచ్చే పట్టు తగ్గుతూ పోతుంది. అదే బరువును ఎక్కువ రబ్బరు మీద పరిస్తే మొత్తం పట్టు పెరుగుతుంది. పుస్తకం తప్పు కాదు, అది రబ్బరు గురించి రాసింది కాదంతే. అయితే వెడల్పు టైరు నిలవనీటి మీద త్వరగా తేలిపోతుంది. షోకు కోసం వెడల్పు పెంచేవాళ్లు ఇది మరిచిపోతారు.

నా కారుకు కంపెనీ ఇచ్చిన కొలత 185/60 ఆర్ 14. పద్నాలుగు అంగుళాల్లో మంచి టైర్లు ఇప్పుడు అరుదు. పదిహేను అంగుళాల రిమ్ములు కొని 195/50 ఆర్ 15కు మారాను. లెక్క వేస్తే పాత చక్రం ఎత్తు 578 మిల్లీమీటర్లు, కొత్తది 576. స్పీడోమీటరు అబద్ధం చెప్పదు. అరుగుదల అంకె 200 ఉన్నది మెత్తన, జిగటలా పట్టుకుంటుంది, తొందరగా అయిపోతుంది. 500 ఉన్నది ఏళ్ల తరబడి వస్తుంది. నేను 300 దగ్గర ఆగాను, అదీ ఎండాకాలం టైరు. ఏడు డిగ్రీలలోపు చలిలో అది గట్టిపడుతుంది, కానీ నా కారు శీతాకాలమంతా షెడ్డులోనే నిద్రపోతుంది. ఏడాది పొడుగునా నడిపేదైతే ఇది కొనేవాణ్ణి కాదు. షాపులో అందరూ నన్ను వింతగా చూస్తుండగా నాలుగు టైర్ల తేదీలూ చదివాకే డబ్బు కట్టాను.

మాస్టారికి ఈ జవాబు చెప్పే అవకాశం నాకు రాలేదు. అందుకే ఇక్కడ రాశాను.

స్వర్ణోత్సవానికి కారులో వచ్చిన మిత్రులు తిరుగు ప్రయాణానికి ముందు ఒక్కసారి వంగి ఆ నాలుగంకెలు చూడండి. బయటివైపు కనిపించకపోతే లోపలి గోడ మీద ఉంటాయి. సెల్‌ఫోన్ లైటు వేసుకుని కిందికి దూరాలి, తెల్ల చొక్కా అయితే జాగ్రత్త.