విజ్ఞానేశ్వరుడు: వాటాల పండితుడా, లోకజ్ఞుడా?

విజ్ఞానేశ్వరుణ్ణి వారసత్వ లెక్కల పండితుడిగానే చూడటం మనకు అలవాటైపోయింది. ఈ కురచ చూపుకు బాధ్యుడు ఇంగ్లీషు అనువాదకుడు హెన్రీ థామస్ కోల్‌బ్రూక్. విజ్ఞానేశ్వరుడు సంస్కృతంలో రాసిన మితాక్షర యాజ్ఞవల్క్య స్మృతిలోని ఆచార, వ్యవహార, ప్రాయశ్చిత్తాలు మూడింటికీ వ్యాఖ్య. కోల్‌బ్రూక్ అందులోంచి దాయవిభాగ ప్రకరణాన్ని మాత్రం విడదీసి, జీమూతవాహనుడి దాయభాగం అనే గ్రంథంతో జతచేసి 1810లో ఇంగ్లీషులో ప్రచురించాడు. ఈస్టిండియా కంపెనీ కోర్టులకు కావలసింది అంతే. దాంతో విజ్ఞానేశ్వరుడు ఒక వారసత్వ శాఖకు పేరుగా మిగిలాడు. అంతకు ఐదు శతాబ్దాల ముందే, తిక్కనకు దశకుమార చరిత్రను అంకితమిచ్చిన కేతన, మితాక్షరను మూడు కాండలతో తెలుగు పద్యాల్లోకి తెచ్చాడు. మనవాళ్లు సైతం కేతనను వదిలి కోల్‌బ్రూక్‌నే ప్రమాణంగా పట్టుకోవడం మింగుడుపడని విషయం.

జీవిత విశేషాలకు గ్రంథాంత భాగమే ప్రధాన ఆధారం. భారద్వాజ గోత్రం, తండ్రి పద్మనాభ భట్టు, గురువు ఉత్తముడు. కొలువు పశ్చిమ చాళుక్య ఆరో విక్రమాదిత్యుడి (1076–1126) కల్యాణం, అంటే నేటి బసవకల్యాణ్. ఆ నగరానికీ ఆ రాజుకూ ఆ పండితుడికీ సాటి లేదని అక్కడ ఉంది. అయితే కీలకమైనది మరొకటి: ఆయన పరమహంస పరివ్రాజకుడు. ఆస్తిని త్యజించినవాడే ఆస్తి స్వభావాన్ని ఇంత లోతుగా విచారించాడు.

ఆ విచారణను దగ్గరగా చూద్దాం. స్వత్వం, అంటే ఒక వస్తువు సొంతం కావడం, శాస్త్రం వల్ల తెలిసేదా, లోకం వల్ల తెలిసేదా అన్నది ప్రశ్న. లోకం వల్లే అంటాడు విజ్ఞానేశ్వరుడు. వడ్లలాగే సొత్తు కూడా క్రయవిక్రయాల వంటి లోకపు పనులకు పనికొస్తుంది. శాస్త్రం వల్ల మాత్రమే తెలిసే ఆహవనీయమనే యజ్ఞాగ్ని అలా పనికిరాదు. ఆహవనీయం మీద కూడా అన్నం ఉడుకుతుంది కదా అని పూర్వపక్షం. ఉడికించేది కంటికి కనిపించే నిప్పుగానే తప్ప ఆహవనీయంగా కాదని సమాధానం. శాస్త్రమే ఎరుగని సరిహద్దు మ్లేచ్ఛులు సైతం కొంటారు, అమ్ముతారు, సొంతమంటే ఏమిటో వారికీ తెలుసు అన్నది రెండో యుక్తి. ఇది కల్యాణపు అంగడిని కళ్లారా చూసినవాడి తర్కం.

స్త్రీధనం విషయంలోనూ అదే చూపు. యాజ్ఞవల్క్యుడు పుట్టింటి, భర్త కానుకల వంటివి కొన్ని చెప్పి 'ఆద్యం' (మొదలైనవి) అని ముగించాడు. విజ్ఞానేశ్వరుడు అందులోకి వారసత్వం, కొనుగోలు, పంపకం, పరిగ్రహం, దొరికిన సొమ్ము అన్నిటినీ చేర్చాడు. కోల్‌బ్రూక్ అనువాదంలో ఇదంతా ఉన్నా, 1867లో ప్రీవీ కౌన్సిల్ భర్త నుంచి వితంతువుకు వారసత్వంగా వచ్చిన ఆస్తిని స్త్రీధనంగా ఒప్పుకోలేదు. చివరికి 1956 హిందూ వారసత్వ చట్టం 14వ సెక్షన్ స్త్రీ ఆస్తిపై ఆమెకు పూర్తి హక్కు ఇచ్చింది. అంటే ఎనిమిది శతాబ్దాల కిందటి సన్యాసి మాటకే పార్లమెంటు ముద్ర పడింది.

పుట్టుకతో వచ్చే హక్కును మితాక్షర మగ సంతతికే పరిమితం చేసిన మాట నిజమే. కానీ దాన్ని కూడా ఆయన లోకప్రసిద్ధి మీదే నిలబెట్టాడు. లోకం మారితే న్యాయమూ మారాలన్న సూత్రం ఆ పద్ధతిలోనే ఉంది. భారతీయ న్యాయచింతనలో లౌకిక దృష్టికి పునాది మితాక్షరే. ఆ పునాదిని తెలుగులో చదవడానికి కేతన మూడు కాండలూ ఉండగా, విజ్ఞానేశ్వరుడి మీద పరిశోధన అక్కడి నుంచే మొదలుకావాలి.