బోర్డు మీద "ప్రెస్బిటర్" అని ఎందుకుంటది? సికింద్రాబాద్ చర్చిల వెనుక కథ

 పోస్టు కొంచెం పొడుగైంది, ఓపికగా చదవండి.

సికింద్రాబాద్‌లో సీఎస్ఐ చర్చి గేటు దగ్గర బోర్డు చూస్తే, పాస్టర్ గారి పేరు పక్కన "ప్రెస్బిటర్" అని కనిపిస్తది. మా హాస్టల్లో చర్చికి పోయేవాళ్లున్నారు, పెర్సపేన్‌కు మొక్కేవాళ్లున్నారు, సేవాలాల్‌కు దండం పెట్టేవాళ్లున్నారు. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు కాబట్టి, ఇట్లాంటి మాటల అర్థం అడగడానికి ఇంట్లో ఎవరూ లేరు. లైబ్రరీలో కూర్చుని మేమే వెతికినం. ఇది ఏ మతానికీ ప్రచారం కాదు, ఒక మాట వెంట పోతే దొరికిన చరిత్ర.

ఆ మాట గ్రీకు భాషది. అర్థం "పెద్ద", అంటే పెద్దమనిషి. 1560లో స్కాట్లాండ్‌లో జాన్ నాక్స్ వాళ్లు చర్చిని సంస్కరించినప్పుడు, బిషప్పుల పెత్తనం కాకుండా సంఘం ఎన్నుకున్న పెద్దలు కూర్చుని నడిపే పద్ధతికి దారి వేసినరు. అదే ప్రెస్బిటేరియన్ పద్ధతి. మనకు ఇది కొత్త సంగతేం కాదు. కోయ గూడెంలో పెద్ద, గోండు గూడెంలో పట్లా, తండాలో నాయక్. పంచాయితీ అంటే పదిమంది కూర్చుని తేల్చేదే కదా.

ఇక సికింద్రాబాద్ సంగతి. 1798లో నిజాం ఇంగ్లీషు కంపెనీతో సైన్య సహకార ఒప్పందం చేసుకున్నాడు. కంపెనీ దండు హుస్సేన్ సాగర్ అవతల దిగింది. 1806లో ఆ చోటికి సికిందర్ జా పేరు పెట్టినరు. అంటే ఈ ఊరు పుట్టిందే దండు కోసం. చర్చిలు కూడా మొదట దండు కోసమే. 1813లో సెయింట్ జాన్స్, 1847లో బొల్లారం హోలీ ట్రినిటీ, 1860లో తిరుమలగిరి ఆల్ సెయింట్స్. ఇవన్నీ ఆంగ్లికన్ చర్చిలు, అంటే ఇంగ్లండ్ రాజు మతం. స్కాట్లాండ్ వాళ్ల పద్ధతి వేరు. వాళ్ల చాప్లెయిన్లను కూడా ఇండియాకు పంపే ఏర్పాటు 1813 చార్టర్ చట్టం తర్వాతే వచ్చింది. 1821లో మద్రాసు ఎగ్మూరులో సెయింట్ ఆండ్రూస్ కిర్క్ కట్టుకున్నరు. తెల్లవాళ్లంతా ఒకటే అనుకుంటం గానీ, దేవుని దగ్గరికి పోవడానికి వాళ్లలో వాళ్లకే ఇన్ని దారులు.

1879 ప్రాంతంలో విలియం బర్జెస్ అనే వెస్లియన్ మిషనరీ సికింద్రాబాద్ వచ్చిన తర్వాతే ఆ మిషన్ పని దండు గేటు దాటి తెలుగు పల్లెలకు పోయింది. మెదక్‌లో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగిన పెద్ద కేథడ్రల్ ఆ మిషన్ కట్టిందే.

మరి "ప్రెస్బిటర్" మాట ఇక్కడికి ఎట్లొచ్చింది? దక్షిణ భారతంలో ప్రెస్బిటేరియన్లు, కాంగ్రిగేషనలిస్టులు కలిసి 1908లో ఒకే సంఘం అయినరు. 1919లో తరంగంబాడిలో కొందరు పాస్టర్లు కూర్చుని, ఈ తెల్లవాళ్ల చీలికలు మనకెందుకు, అందరం కలుద్దాం అని తీర్మానం చేసినరు. వాళ్లలో ముఖ్యుడు వి.ఎస్. అజరయ్య. ఈ పేరు మనవాళ్లు గుర్తుపెట్టుకోవాలి. భద్రాచలం రోడ్ స్టేషన్‌లో ఎక్కి సికింద్రాబాద్ వచ్చేవాళ్లకు డోర్నకల్ జంక్షన్ తెలుసు కదా, ఆ డోర్నకల్ బిషప్ ఆయనే. 1912లో ఆంగ్లికన్ చర్చికి మొట్టమొదటి భారతీయ బిషప్. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో ప్రపంచ మిషనరీ మహాసభ జరిగింది. జరిగింది కూడా ప్రెస్బిటేరియన్ల సభా భవనంలోనే. అక్కడ లేచి నిలబడి, మాకు మీ దానాలు చాలు, సమానులుగా స్నేహం కావాలి అన్న అర్థం వచ్చేటట్టు తెల్లవాళ్ల ముఖం మీదే మాట్లాడినాడు. అప్పటికి ఆయనకు ముప్ఫై ఐదేళ్లు. మా మటుకు మాకు ఈ మొత్తం చరిత్రలో అన్నిటికంటే నచ్చింది ఈ ఘట్టమే.

ఆ కలయిక అజరయ్య చూడలేదు, 1945లో పోయినాడు. 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో ఆంగ్లికన్లు, మెథడిస్టులు, 1908 నాటి ఆ సంఘం కలిసి సీఎస్ఐ అయినరు. అప్పటికి సికింద్రాబాద్ ఇంకా నిజాం రాజ్యంలోనే ఉంది, ఇండియాలో కలవడానికి మరో ఏడాది పట్టింది. దేశం కంటే ముందు చర్చిలు కలిసినయ్ అన్నమాట. ఆంగ్లికన్ల బిషప్పులు ఉన్నరు, వాళ్ల పక్కన ప్రెస్బిటర్ అనే మాటా నిలిచింది.

ఇప్పుడు అసలు విషయం. ప్రెస్బిటేరియన్ పేరు అట్లనే పెట్టుకుని నిలబడ్డది ఎవరయ్యా అంటే ఆదివాసులే. 1841లో వేల్స్ మిషనరీ థామస్ జోన్స్ ఖాసీ కొండలకు పోయినాడు. ఖాసీకి రోమన్ అక్షరాల రాత ఆయనతో మొదలైంది. మిజో కొండల్లో 1894లో లోరెన్, శావిడ్జ్ అనే ఇద్దరు వచ్చి మిజో భాషకు అక్షరాలు కూర్చినరు. 1897లో వేల్స్ ప్రెస్బిటేరియన్లు వచ్చి ఆ పని అందుకున్నరు. మిజో ఊళ్లో నాయకుడి పక్కన కూర్చునే పెద్దలను "ఉపా" అనేవాళ్లు, చర్చి పెద్దలకు కూడా ఆ మాటే వాడుకున్నరు. 2011 లెక్కల్లో మిజోరం అక్షరాస్యత 91 శాతం. అదే లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ఎస్టీలది దాదాపు 49. ఇదంతా చర్చి వల్లనే అని మేము అనం, వాళ్లకు సొంత రాష్ట్రం ఉంది, భూమి ఉంది. కానీ అమ్మ భాషలో బడి, పుస్తకం ఉండడం చిన్న విషయమా?

మన దగ్గర అట్లా జరగలేదా అంటే, మొదలైంది. గోదావరి పడవల కాలువ పని చేయించిన ఇంజనీరు హేగ్ చొరవతో దుమ్ముగూడెంలో కోయల మధ్య మిషన్ పుట్టింది. జాన్ కెయిన్ అనే పాదిరి అక్కడ ఏండ్ల తరబడి ఉండి, కోయ నేర్చుకుని, లూకా సువార్తను కోయలోకి తెచ్చినాడు. మిజోలకు మొదట్లో అచ్చయిన పుస్తకాల్లోనూ లూకా ఉంది. మొదలు ఒకటే, ముగింపులు వేరు. ఇక్కడ బడి, చర్చి, కచేరీ అన్నీ చివరికి తెలుగులోకి పోయినయ్. గుంజాలలో గోండి లిపి ప్రతులు బయటపడేదాకా మన భాషకు రాత ఉందంటే నమ్మినవాళ్లెంతమంది?

ఇంకో మాట. చర్చికి పోతే ఎస్టీ సర్టిఫికెట్ పోతదా అని జూనియర్లు భయపడుతున్నరు. 1950 నాటి షెడ్యూల్డు తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఆ షరతు ఉన్నది ఎస్సీల ఉత్తర్వులో. ఎవరన్నా బెదిరిస్తే ఈ రెండు ఉత్తర్వులూ పక్కపక్కన పెట్టి చదివించండి.

దుమ్ముగూడెం, చర్ల వైపు వాళ్లు గ్రూపులో ఉంటే ఒక పని చేయండి. మీ ఊళ్లో ముసలివాళ్లెవరన్నా ఇంకా కోయలో ప్రార్థన చేస్తుంటే, కోయ పాటలు పాడుతుంటే, వాళ్లను అడిగి, ఒప్పుకుంటే ఫోన్లో రికార్డు చేసి పెట్టండి. వినిపించిన మాటలు తెలుగు అక్షరాల్లో రాసే పని మా రూములో నలుగురం తీసుకుంటం.